అక్క నునుపు చేసిన గాజు

చంటికి ముప్పై ఎనిమిదేళ్లు. అయినా వాళ్లక్క నోట ఇంకా చంటే. వీధిలో పాలవాడు, ఆమె పనిచేసే కళ్లజోళ్ల షాపు ఓనరు, ఆఖరికి పళ్ల డాక్టరు కూడా ఆమెని అలాగే పిలిచేవాళ్లు. అందరికీ అక్కే అలవాటు చేసింది మరి.

తండ్రి ముందే పోయాడు. తల్లి కూడా పోయేనాటికి చంటి ఇంకా అక్షరాలు దిద్దుకునే పిల్ల. అక్క అప్పుడే కాలేజీలో చేరింది. చదువు మానేసి కుట్టుమిషను ముందు కూర్చుంది. పెళ్లి మాట ఎత్తినవాళ్లని గుమ్మంలోంచే పంపేసింది. ఈ సంగతి ఒక్కనాడూ దెప్పలేదు. దెప్పినా బాగుండేది, ఒకసారి గట్టిగా పోట్లాడుకుని ఊపిరి పీల్చుకునేవాళ్లు. దెప్పని మనిషితో ఏమని పోట్లాడుతుంది? చంటి స్నానాల గదిలో కాస్త ఆలస్యం చేస్తే చాలు, "ఏమే, బాగానే ఉన్నావా?" అని తలుపు అవతల నుంచి గొంతు వినబడేది.

అలాంటి చంటి ఒక శనివారం అబద్ధం ఆడింది. షాపులో పని ఎక్కువగా ఉందని చెప్పి, సైకిల్ రిపేరు షాపు మీది మేడగదికి వెళ్లింది. అక్కడ కొత్తవాళ్లకి నగలు చేయడం నేర్పుతున్నారు. చంటికి నగల మోజేం లేదు. అక్కకి తెలియని గది ఒకటి కావాలనిపించింది, అంతే.

తీరా వెళ్లాక ఆ పనే ఆమెని పట్టేసింది. రాగితీగ కత్తిరించి, మంట మీద ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచితే సుయ్యిమంటూ మెత్తబడేది. దాన్ని ఇనుప దిమ్మ మీద పెట్టి సుత్తితో కొట్టాలి.

"కొట్టేకొద్దీ బిగుసుకుపోతుందమ్మా," అనేది టీచరు, వేళ్లనిండా కాలిన మచ్చలున్న లావుపాటి మనిషి. "ఇంకా కొడితే పగులుతుంది. ఆపి, మళ్లీ కాల్చుకో."

పక్క బల్ల దగ్గర ఒక రిటైరైన బస్సు డ్రైవరు మనవరాలికి జుంకాలు చేస్తానని కూర్చున్నాడు. "ఇంత బండి తిప్పాను గానీ, ఇంత తీగ తిప్పలేకపోతున్నాను," అని ఆయన వాపోతుంటే చంటి పొట్ట పట్టుకుని నవ్వింది. అలా నవ్వి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదు.

మూడో శనివారం అక్క టిఫిన్ డబ్బా పట్టుకుని కళ్లజోళ్ల షాపుకి వెళ్లింది. "నగల క్లాసుకి వెళ్లిందిగా, మీకు చెప్పలేదా?" అన్నాడు ఓనరు.

అక్క కోప్పడలేదు. మరుసటి వారం చంటి మేడ మెట్లెక్కి వెళ్లేసరికి, ఆమె బల్ల పక్కనే ఏప్రన్ కట్టుకుని కూర్చుని ఉంది.

"పిచ్చిమొహమా, చెప్తే వద్దంటానా? ఇద్దరం కలిసి నేర్చుకునేవాళ్లం కదే!"

 చంటి పైకి మాత్రం నవ్వింది.

ఏళ్ల తరబడి సూది పట్టిన చెయ్యి, అక్కకి పని ఇట్టే పట్టుబడింది. డ్రైవరు జుంకాలకి ఆవిడే కొక్కేలు వంచి పెట్టింది. చంటి చిన్నప్పుడు పెన్సిలు ముక్క ముక్కులో పెట్టుకున్న కథ చెప్పి గదంతా నవ్వించింది. చంటి మంట ముందు వంగితే చాలు, వెనకనుంచి చెయ్యొచ్చి జుట్టు చెవి వెనక్కి దోపేది. అందరికీ అక్క తెగ నచ్చేసింది. "అదృష్టవంతురాలివమ్మా," అన్నాడు డ్రైవరు. చంటి తలాడించింది.

ఆ రోజుల్లోనే చంటి ఒక రాగి గాజు చేసింది. ఒంటినిండా సుత్తి గాట్లతో, గతుకుల రోడ్డులా ఉంది. ఒకచోట వెడల్పు, ఒకచోట సన్నం. కావాలనే అలా కొట్టింది. అది ఆమెకి ఎంత నచ్చిందంటే, చేతులు కడుక్కుని టీ తాగి రావడానికి వెళ్తూ కూడా గుమ్మం దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూసుకుంది.

తిరిగొచ్చేసరికి అక్క చేతిలో నునుపు చేసే ఆకురాయి ఉంది. గాజు అద్దంలా మెరుస్తోంది. ఒక్క గాటు లేదు.

"ఇప్పుడు చూడు, ఎంత ముద్దొస్తోందో! చెయ్యి గీరుకుపోయేదే నీకు."

"ఎందుకు ముట్టుకున్నావు?"

"ఏంటే?"

"అది నాది. గరుకుగా ఉండాలనే చేశాను. ఎందుకు ముట్టుకున్నావక్కా?" చంటి గొంతు చంటికే కొత్తగా వినిపించింది. "వచ్చే వారం నుంచి నువ్వు రాకు."

గదిలో సుత్తులు ఆగిపోయాయి. అక్క ఏప్రన్ విప్పి, నాలుగు మడతలు వేసి, బల్ల మీద పెట్టింది.

ఇంట్లో అక్క ఎప్పటిలాగే వడ్డించింది. శనివారం రాగానే తనూ తయారైంది. "లోపలికి రానులే. మెట్ల మీద కూర్చుంటాను. కుట్టాల్సిన అంచులున్నాయి," అంది.

అన్నట్టే కూర్చుంది. మంట పనికి గాలి ఆడాలని గది తలుపు వేయరు. చంటి తలెత్తినప్పుడల్లా మెట్ల మీద అక్క వీపు కనబడేది. డ్రైవరు వెళ్లి టీ ఇచ్చి వచ్చాడు. "మీ అక్క, పాపం," అన్నాడు మెల్లగా. చంటి చేతిలో తీగ మూడుసార్లు విరిగింది.

కోర్సు ఆఖరి రోజున ఇంటికి వెళ్తుంటే అక్క ఉన్నట్టుండి అంది: "పై కోర్సు ఉందిట, రాళ్లు పొదగడం. టీచరుతో మాట్లాడి ఇద్దరికీ చోటు పెట్టించాను. నా బల్ల వేరేలే. నీ దరిదాపులకి కూడా రాను."

చంటి నడుస్తూనే అక్క మొహంలోకి చూసింది. చాలా ఏళ్ల తర్వాత ఆ మొహంలో ఒక ఆశ ఉంది, అదీ చంటి గురించి కాదు. మెట్ల మీద కూర్చున్నంత సేపూ అక్క మనసు గదిలోని సుత్తుల మీదే ఉందన్నమాట.

"నువ్వు చేరక్కా. నేను చేరను."

"అలిగావా?"

"లేదు. నీకు పని వచ్చు. నేర్చుకో."

అక్క వారం రోజులు బతిమాలింది. చంటి మెత్తబడలేదు. శనివారం గుమ్మం దాటుతూ కూడా అక్క రెండుసార్లు వెనక్కొచ్చింది. "ఒక్కదానివీ ఇంట్లో ఏం చేస్తావే?"

"ఏమీ చెయ్యను. వెళ్లక్కా, ఆలస్యమవుతుంది."

అడుగుల చప్పుడు వీధి మలుపు దాటేదాకా చంటి కదల్లేదు. టీచరు గొంతూ, డ్రైవరు సణుగుడూ, ఆ మేడగదీ ఇక తనవి కావు. అది తలుచుకుంటే ఏడుపొచ్చింది, కాసేపు ఏడ్చింది కూడా. తర్వాత లేచి ఇల్లంతా ఒకసారి తిరిగింది. ఏ గదిలోనూ ఎవరూ లేరు. కుట్టుమిషను మీద గుడ్డ జరిపి, క్లాసు నుంచి తెచ్చి బీరువా వెనక దాచిన రాగితీగ తీసి, ఎంత పొడవు కావాలో తనే కొలుచుకుని కత్తిరించింది.