ఇంకో మూత

ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే ఆ కోడలికి అయిదో నెల. కిందటేడు కడుపు నిలవలేదు, అందుకే ఈసారి అడుగు తీసి అడుగు వేయడానికీ భయపడుతోంది. దానికి తోడు నెల రోజులుగా కింద మంట, పలచటి తెల్లబట్ట, నీచు వాసన. ఎవరితో చెప్పుకుంటుంది? అదేమన్నా పంటినొప్పా!

దుప్పటి వాసన పోకపోతే లాండ్రీలో ఒకటే మంత్రం: క్రిముల మందు ఇంకో మూత. ఆ పని నేర్పింది రెండేళ్ళ కిందట పోయిన అత్తగారే. గుడ్డకి పనిచేసింది ఒంటికి చేయదా అనుకుని, ఇంట్లో స్నానాలగదిలో నీళ్ళలో ఆ మందు కలిపి లోపలిదాకా కడుక్కోవడం మొదలుపెట్టింది. తెలివి తెల్లారినట్టే ఉంది!

మూడో రోజు పొద్దున, చెంబు చేతిలో ఉండగా తూములోంచి అత్తగారి గొంతు సన్నగా వినబడింది.

"ఇంకో మూత."

భయపడుతూనే పోసింది. మర్నాడూ అదే గొంతు, ఇంకాస్త దగ్గరగా. పోసినకొద్దీ మంటా పెరిగింది, వాసనా పెరిగింది. ఒకరోజు బట్టకి ఎర్రటి చార కనబడేసరికి పరుగున వెళ్ళి ప్రసూతి నర్సు ముందు కూలబడింది.

డాక్టరమ్మ పరీక్ష చేసి మాత్రలు రాసింది. నర్సు మాత్రం ఊరుకోలేదు.

"మందు పోసి కడిగావా? నువ్వేమన్నా దుప్పటివా? లోపల మనకి మేలు చేసే క్రిములుంటాయమ్మా, అవే కాపలా. వాటినే చంపుకున్నావు. బయట ఉత్త నీళ్ళు చాలు. నూలు లోదుస్తులే వేసుకో. ఏడు రోజులూ మాత్రలు మింగు, తగ్గిందని మధ్యలో మానకు. వదిలేస్తే నెలలు నిండకుండానే కాన్పు వచ్చేయొచ్చు. బిడ్డ గుండె బానే కొట్టుకుంటోందిలే, ఏడవకు."

ఏడు రోజులూ ఆ గొంతు బతిమాలింది. ఆమె పళ్ళు బిగబట్టి బయట ఉత్త నీళ్ళతోనే కడుక్కుంది. మంట తగ్గింది, వాసన పోయింది. గొంతు మాత్రం పోలేదు.

ఇక ఉండబట్టలేక ఆడపడుచుతో చెప్పేసింది. "తూములోంచి 'ఇంకో మూత' అంటూ మీ అమ్మ నన్ను వదలట్లేదు. నా బిడ్డ మీద ఆవిడకెందుకంత పగ?"

ఆడపడుచు తల అడ్డంగా ఊపింది. "నీతో అనడం కాదు వదినా. అమ్మ తలుపేసుకుని తనలో తనే ఆ మాట అనుకునేది. ఏడుస్తూ ఆ మందే పోసుకునేది, ఎన్నేళ్ళో. మేమేమో త్వరగా రమ్మని తలుపు బాదేవాళ్ళం."

కోడలు లేచింది. స్నానాలగదిలోకి వెళ్ళి తూము పక్కన కూర్చుంది.

"ఇంక పోసుకోకండి అత్తయ్యా. దీనికి మాత్రలున్నాయి. తగ్గిపోతుంది."

తూములోంచి ఆ గొంతు సిగ్గుపడుతూ అడిగింది.

"నాక్కూడానా?"