తోడికోడళ్ళ ఇంగ్లీషు

తోడికోడళ్ళిద్దరికీ మాటల్లేవు. ఉండేది ఒకే ఇంట్లో, కుట్టేది ఒకే షాపులో ఎదురెదురు మిషన్ల మీద, అయినా మాటల్లేవు. కత్తెర కావలసి వస్తే పెద్దకోడలు మూలనున్న కొలతల బొమ్మ వైపు తిరిగి, "ఎవరి దగ్గరుందో గానీ, ఇక్కడ పని జరగాలి కదా" అనేది. చిన్నకోడలు కత్తెర తెచ్చి ఆ బొమ్మ ముందు పెట్టి వెళ్ళిపోయేది. బొమ్మకి తల లేదు కాబట్టి బతికిపోయింది గానీ, ఉంటే ఈపాటికి పిచ్చెక్కేది.

ఇంతకీ గొడవ ఏపాటిదని? హోటల్ మేనేజరు యూనిఫాం కోట్లు తెచ్చిన రోజు, ఆయన ఎదురుగా పెద్దకోడలు సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. కొస తడిపి మళ్ళీ ప్రయత్నించింది. ఊహూ. చిన్నకోడలు లేచి వచ్చి, సూది ఆవిడ చేతిలోంచి తీసుకుని టక్కున ఎక్కించి ఇచ్చేసింది.

"నా చేతిలోది లాక్కోవడానికి అంత తొందరేమిటే?" అంది పెద్దావిడ, మేనేజరు వెళ్ళీ వెళ్ళకముందే.

"సాయం చేసినా తప్పేనా అక్కా?" అంది చిన్నది.

అంతే. గోరంతది కొండంతై కూర్చుంది.

పులి మీద పుట్రలా, ఆ హోటల్ వాళ్ళు చిన్నకోడల్ని తమ దగ్గరే దర్జీగా చేరమని అడిగారన్న కబురు వచ్చింది. భోజనాల దగ్గర మరిది చెప్పాడు. ఏం జవాబిచ్చిందో తనకీ చెప్పడం లేదని కూడా అన్నాడు. చిన్నది తల వంచుకుని తింటోంది. 'వెళ్తావా?' అని అడగడానికి పెద్దావిడకి నోరు రాలేదు. "మంచి అవకాశమే" అని గోడతో అని, సగం తిని లేచిపోయింది. అప్పటినుంచీ షాపులో ఎదుటి మిషను చప్పుడు ఆగితే చాలు, ఆవిడ గుండె గుభేలుమంటోంది. లేచి వెళ్ళిపోతుందేమో, ఇదే చివరి రోజేమో అని. పైకి మాత్రం పంతం పంతమే.

ఎప్పటినుంచో షాపుకి వచ్చే ఆ మేనేజరుకి ఇంగ్లీషు తప్ప ఇంకో భాష రాదు. అందుకని అన్నదమ్ములిద్దరూ, ఈ గొడవకి ముందే, పెళ్ళాల్ని సాయంత్రం ఇంగ్లీషు క్లాసులో చేర్పించారు. మందుల షాపు పైన గది. ముందు మానేసినవాళ్ళు ఓడిపోయినట్టని ఇద్దరూ మానలేదు. ఒకరు కిటికీ పక్కన, ఒకరు తలుపు పక్కన కూర్చుంటున్నారు.

టీచరమ్మ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. జనం అనే మాట ఒకటి, గొంతులో ఉండేది ఇంకొకటి అని విని విని తెలుసుకున్న మనిషి. ఆ సాయంత్రం బోర్డు నిండా మాటలు రాసి, అందరి వైపూ తిరిగింది.

"హ్యాపీ, శాడ్, ఫైన్, ఈ మూడూ గొడుగులతో పాటు బయటే పెట్టండి. మనసు ఊరికే కూర్చోదు, లోపల ఏదో ఒక పని చేస్తూనే ఉంటుంది. ఆ పనేమిటో ఒక్క క్రియలో చెప్పాలి. ఎవరి గురించైతే వాళ్ళ వైపు తిరిగి చెప్పాలి."

ముందు బస్సు డ్రైవరు లేచాడు. కిటికీలోంచి కింద ఆపి ఉన్న తన బస్సుని చూస్తూ, "ఐ అడోర్ యూ" అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది.

"ఇది మీ ఇంటావిడకి తెలుసా?" అంది టీచరమ్మ.

"తెలుసండీ. అందుకే ఆవిడ రిక్షాలో తిరుగుతుంది."

తరవాత పెద్దకోడలి వంతు. బోర్డు ముందు నిలబడి, చేతికందిన మాట తీసుకుని, తలుపు వైపు తిరిగి, "ఐ హేట్" అంది.

చిన్నదాని మొహం పాలిపోయింది. అది చూశాక పెద్దావిడకి తన మాట తనకే నచ్చలేదు. దారం రంగు కలపాలంటే రీలుని చూసి ఊరుకుంటే చాలదు, ఒక్క పోగు లాగి గుడ్డ మీద పరిచి చూడాలి. రీలు మీద ముదురుగా ఉన్న రంగు ఒంటి పోగు మీద తేలిపోతుంది. ఈ మాటా అలాగే తేలిపోయింది.

"కాదండీ, కలవలేదు. ఇంకోటి చూస్తాను" అంది.

"సల్క్ అంటే?" అని బోర్డు మీద ఇంకో మాట చూపించింది.

"మూతి ముడుచుకుని కూర్చోవడం" అంది టీచరమ్మ.

"అది చెప్పక్కర్లేదు, మాకు కనిపిస్తూనే ఉంది" అన్నాడు డ్రైవరు.

ఆవిడ అతన్ని ఒక్క చూపు చూసి, కింది వరసలో వేలు పెట్టింది. "ఇది? ఎన్వీ?"

"పక్కవాళ్ళకున్నది మనకి లేదే అని లోపల ఉడుక్కోవడం."

పెద్దావిడ వేలు అక్కడే ఆగిపోయింది. తెలుగులో దీన్ని కుళ్ళు అంటారు, ఏడుపు అంటారు. పీక కోసినా తన నోటితో ఆ మాట తన గురించి అనుకోదు. కానీ ఈ ఇంగ్లీషు మాటతో పుట్టి బుద్ధెరిగాక ఆవిణ్ణి ఎవరూ తిట్టలేదు. నాలిక మీదికి తేలిగ్గా వచ్చేసింది.

"ఐ ఎన్వీ యువర్ ఐస్" అంది, సూదిబెజ్జాన్ని ఇట్టే పట్టే చిన్నదాని కళ్ళలోకి చూస్తూ. ఒకటి బయటికొచ్చాక రెండోది ఆగుతుందా? "ఐ ఫియర్. యువర్ మిషన్ స్టాప్, ఐ ఫియర్."

టీచరమ్మ ఆ ఇంగ్లీషుని దిద్దలేదు.

చిన్నకోడలు లేచింది. బోర్డు వైపు చూడను కూడా చూడలేదు.

"ఐ వెయిట్."

"అది మనసులో మాట కాదమ్మా, బస్సు కోసం కూడా చేస్తాం" అంది టీచరమ్మ.

"నాకింకేదీ కలవదండీ. షాపు తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా నా లోపల అదే పని."

దేనికోసం ఎదురుచూస్తోందో పెద్దావిడకి ఒకరు చెప్పాలా? బల్లల మధ్యలోంచి తలుపు దాకా నడిచి వెళ్ళింది.

"స్టే" అంది.

"తెలుగులో చెప్పక్కా."

పెద్దావిడకి పరాయి భాషలో అరక్షణం పట్టినది సొంత భాషలో కొండెక్కి కూర్చుంది. డ్రైవరు కూడా నోరు మూసుకున్నాడు, అది చెప్పుకోదగ్గ విషయమే.

"వెళ్ళకే" అంది చివరికి. "నువ్వు ఎదురుగా లేకపోతే నాకు చేతులాడవు. నాకు భయంగా ఉందే." కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు.

చిన్నది ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నేనెక్కడికి వెళ్తాను? వాళ్ళు అడిగిన రోజే రానని చెప్పేశాను."

పెద్దావిడ ఏడుపు ఠక్కున ఆగింది. "చెప్పేశావా? మీ ఆయనక్కూడా తెలియదే!"

"ఆయనకి చెబితే నిమిషంలో నీ చెవిన వేసేస్తాడు. నువ్వే అడగాలనుకున్నా."

"ఓసి దొంగమొహమా! నిద్రాహారాలు లేకుండా చస్తుంటే, నాకొక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయిందే?"

"ఎలా చెప్పను అక్కా? మనకి మాటల్లేవుగా!"

టీచరమ్మకి నవ్వాగక సుద్దముక్క జారిపోయింది. పెద్దావిడ మాత్రం నవ్వలేదు. ఆ చెయ్యి వదలకుండానే చిన్నదాన్ని మెట్లు దింపుకుపోయింది. ఇల్లు చేరేదాకా దారి పొడుగునా అచ్చ తెలుగులో తిడుతూనే ఉంది, చిన్నది ప్రతి తిట్టుకీ ఊఁ కొడుతూనే ఉంది.