దండెంగా మారిన చార్జింగు వైరు

నేను ఒక చార్జింగు వైరును. ఎండలో ఆపిన కారులో దానియేలు కళ్లు మూసుకుని మళ్లీ తెరవడేమోనని అతని భార్య సువార్తకు భయం. అంతకు మించిన భయం ఆమెకు లేదు. రోజూ ఆమె చేతుల్లో నలుగుతున్నాను కనుక అది నాకూ పట్టుకుంది.

నేను పుట్టింది ఫ్యాక్టరీలో. లోపల రాగి, పైన మందపాటి నల్ల తొడుగు, ఒక చివర కారుకు తగిలించే పిడి, రెండో చివర గోడకు గుచ్చే ప్లగ్గు. కారుతో పాటే నన్నూ బెజవాడలో ఒక పళ్ల డాక్టరుగారు కొన్నారు. ఆయన మేడ మీద సోలారు పలకలు, కింద నీడగా కారు షెడ్డు. చార్జింగుకు పైసా ఖర్చు లేదని వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవారు. ఆ కారులో వెళ్లేది మాత్రం రెండు వీధుల అవతలున్న ఆస్పత్రికే. ఖర్చు తగ్గినా పెరిగినా తెలియని ఇంట్లోనే అది తగ్గుతుంటే నాకు నవ్వొచ్చేది.

కొత్త మోడలు రాగానే మమ్మల్ని అమ్మేశారు. కొన్నది దానియేలు. అంతకుముందు అతను గ్యాసు ట్యాక్సీ నడిపేవాడు. దాన్ని అమ్మి, మిగతాది వాయిదాల మీద తెచ్చి మమ్మల్ని సింగ్‌నగర్‌లోని అద్దె ఇంటికి తీసుకొచ్చాడు.

"గ్యాసుకైతే కిలోమీటరుకి నాలుగు రూపాయలు. దీనికి రూపాయి. బంకు కాడ లైన్లో నుంచోనక్కర్లా. ఇంట్లో ప్లగ్గు పెట్టామా, పొద్దున్నే బండి తీశామా" అన్నాడు.

సువార్త చంకలో పాప ఉంది. ఎనిమిదో తరగతిలోనే బడి మానేసింది సువార్త. "ఇల్లు మనది కాదు కదా బావా" అంది.

"ఇల్లెవరిదో కరెంటుకి తెలుస్తదా ఏంటి" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నేను మాత్రం గోడలోని పాత ప్లగ్గు రంధ్రాలు చూసి నవ్వలేకపోయాను.

మొదటి నెల బాగానే గడిచింది. రెండో నెలలో ప్లగ్గు చుట్టూ గోడ నల్లబడి, కాలిన వాసన వచ్చింది. కరెంటు బిల్లు కూడా పై రేటులోకి ఎక్కింది. ఇంటి యజమాని భ్రమరాంబగారు మెట్లు దిగి వచ్చారు.

"ఫ్రిజ్జంటే సరే, మిక్సీ అంటే సరే. కారుని కూడా మేపమంటే ఎట్టాగమ్మా? మా ఆయన కట్టించినప్పటి వైర్లు ఇవి. అంటుకుంటే ముందు పోయేది నీ పిల్లే."

"వేరే మీటరు పెట్టించుకుంటాం మామ్మగారూ. ఖర్చు మాదే."

"అద్దెకున్నోళ్ల పేరున మీటరా? రేపు ఇల్లు కూడా మాదేనంటే నేనెక్కడికి పోను?"

ఆమెను తప్పు పట్టలేను. ఆ గోడలో ఎంత వేడెక్కానో నాకు తెలుసు.

ఆ రోజు నుంచి దానియేలు రామవరప్పాడు రింగు కూడలి దాటాక ఉన్న చార్జింగు చోటుకు వెళ్తున్నాడు. అక్కడ యూనిట్టు రేటు ఇంటి రేటుకు మూడింతలు. లైన్లో కూర్చుంటే పోయే బేరాలు కలిపితే గ్యాసే నయం. కానీ గ్యాసు బండి ఎప్పుడో చేతులు మారింది. దీన్ని అమ్ముదామంటే వచ్చే డబ్బు మిగిలిన వాయిదాలకే చాలదు. ఇక మిగిల్చుకోగలిగింది ఏసీ ఒక్కటే. మనుషులు ఎక్కితే వేస్తాడు, దిగగానే కట్టేస్తాడు. చార్జింగు చోట నీడ లేదు. పక్కకు వెళ్తే వెనకవాళ్లు ముందుకొచ్చేస్తారని సీటు వెనక్కి వాల్చి అక్కడే పడుంటాడు.

అక్కడ వాళ్ల వైరే ఉంటుంది కనుక నాతో పని లేక సువార్త నన్ను కిటికీ ఊచకూ, ఎదురు గోడ మేకుకూ కట్టింది. ఇప్పుడు నా మీద పాప గౌన్లు ఆరుతున్నాయి. డాక్టరుగారి షెడ్డులో కన్నా ఇక్కడే ఎక్కువ పనికొస్తున్నాను.

మొన్న అతను ఫోను ఎత్తలేదు. సువార్త పాపను ఎత్తుకుని ఆటోలో పరుగెత్తింది. చొక్కా తడిసి, నాలుక మడతపడి, ఏదేదో మాట్లాడుతున్నాడట. పక్క కారులో ఉన్నతను "కునుకు తీస్తున్నాడనుకున్నానమ్మా" అన్నాడట. ఆస్పత్రిలో సెలైను ఎక్కించారు. ఇదంతా ఆమె బట్టలు ఆరేస్తూ పక్కింటామెతో చెబుతుంటే విన్నాను.

"ఈ ఎండలు తగ్గేదాకా ఇంట్లో ఉండు బావా" అని బతిమాలింది.

"వాయిదా ఎండ చూసి ఆగుద్దా" అని మర్నాడే బండి తీశాడు.

ఇవాళా మిట్టమధ్యాహ్నం అయింది. సువార్త ఒక చేత్తో నన్ను పట్టుకుని, రెండో చేత్తో ఫోను చెవికి ఆనించి నిలబడి ఉంది. అవతల మోగుతూనే ఉంది. ఇంట్లో పాపకు జ్వరం, ఆమె కదలలేదు. ఊచకు కట్టేసిన నా సంగతి చెప్పక్కర్లేదు.

మీలో ఎవరైనా రింగు దాటి అటుగా వెళ్తుంటే, చార్జింగు లైన్లో తెల్ల కారు ఉంటుంది, వెనక అద్దం మీద పాప పేరు జెస్సీ అని రాసుంటుంది. అద్దాలు దించే ఉంటాయి. చెయ్యి లోపలికి పెట్టి అతని భుజం పట్టుకుని కుదపండి. విసుక్కుంటాడేమో, విసుక్కోనివ్వండి.