ఖాళీగా ఉంటే బాగుండదని

ఏర్గట్లలో గంగుబాయి అవ్వ పసుపు చూడడానికి పురుగుమందు కొట్టని పసుపు కొనే ఒకే కంపెనీ నుంచి ఇద్దరు దొరలు వచ్చారు. జర్మనీ ఆయన పేరు యోర్గ్, అమెరికా ఆయన పేరు ట్రావిస్. వాళ్ల మాట అవ్వకు, అవ్వ మాట వాళ్లకు చెప్పే పని నాది. నిజామాబాద్‌లో ఉర్దూ, తెలుగు, ఇంగ్లిషు మూడింట్లోనూ తడుముకోకుండా అబద్ధమాడగల నదీం అంటే నేనే.

అవ్వ మూడేళ్లుగా చేనుకు పురుగుమందు చుక్క కొట్టలేదు. దిగుబడి తగ్గినా, ఊరు నవ్వినా వినలేదు. తనది మందు లేని పసుపని ఒక్కరైనా ఒప్పుకోవాలని ఆమె పట్టుదల.

దారిలో మోర్తాడ్ దగ్గర రైలు గేటు పడింది. రైలు జాడ లేదు. ట్రావిస్ గేటు కింద నుంచి దూరి, అవతల చాయ్ తాగి వచ్చాడు. రైలే రానప్పుడు గేటుకు ఎందుకు భయపడాలట! యోర్గ్ ఆయన మీద పావుగంట విరుచుకుపడ్డాడు. గేటు వేశాక ఆగాల్సిందేనట, రైలు వచ్చేదీ రానిదీ మన పని కాదట. మాకు ఇలాంటి తగాదాలు లేవు. మా దగ్గర రూలంటే పెండ్లి పత్రిక అడుగున ఉండే ‘బంధుమిత్రుల అభినందనలతో’. అచ్చు వేయకపోతే తప్పు, చదివేవాడు మాత్రం ఉండడు.

అందుకే ముందు రోజే నేనొక పుణ్యం కట్టుకున్నాను. ఏ తేదీన ఏ మందు కొట్టారో రాయమని కంపెనీ ఇచ్చిన రిజిస్టరును అవ్వ ఖాళీగా వదిలేసింది. “కొట్టనిదాన్ని ఏం రాస్తరు బిడ్డా?” అంది. ఖాళీ రిజిస్టరు చూస్తే ఏ సారుకు మండదు? పక్క చేను రాజమల్లు రిజిస్టరు తెచ్చి, తేదీలూ మందులూ ఉన్నవి ఉన్నట్టు ఇంగ్లిషులో దించేశాను. నమ్మకం కలగాలని రెండు రంగుల పెన్నులు కూడా వాడాను. సంతకం దాటి చదివిన సారును నా ఇరవై ఏళ్ల సర్వీసులో చూడలేదు.

యోర్గ్ చదివాడు. ప్రతి లైను కింద వేలు పెట్టి చదివాడు. పదకొండు సార్లు మందు కొట్టినట్టుంది, ఈ పసుపు వద్దన్నాడు.

అదంతా నేను రాసిన అబద్ధమని ఒప్పుకున్నాను. అబద్ధం అప్పుడు రాశావా, ఇప్పుడు చెబుతున్నావా అని అడిగాడు. నా మూడు భాషల్లోనూ ఒట్టు పెట్టాను.

ట్రావిస్ నవ్వి నా భుజం తట్టాడు. కాస్త మందు ఎవరు కొట్టరు, ‘మందు లేనిది’ అని చీటీ అంటించి తానే అమ్మిస్తానన్నాడు.

“ఏమంటుండు?” అని అవ్వ అడిగింది. చెప్పాను.

“మందు కొట్టిందనుకొనే కొంటుండా? గట్లనుకొని గూడ పిల్లలకు తినవెడ్తడా? గాయనకు నా పసుపియ్య. పొమ్మను.”

వాళ్లు వెళ్లిపోయారు. ఆ వారమే అవ్వ పసుపు నిజామాబాద్ యార్డులో మామూలు ధరకే రాజమల్లు పసుపు కుప్పలో కలిసిపోయింది. తల దించుకుని ఖాళీ సంచులు మడుస్తున్నాను. అవ్వ ఏటా ఇచ్చినట్టే చిన్న సంచి నా చేతిలో పెట్టింది.

“ఇంట్ల నీ పెండ్లాం సుమేరాకియ్యి. దీంట్ల మందు లేదు, నమ్ముతవా?”

“నమ్ముత అవ్వా. నాకు తెల్వదా?”

“తెలిసి గట్లెందుకు రాసినవ్ బిడ్డా?”