అల్లుడుగారి పేస్టు

పెద్ద డాక్టరమ్మ అల్లుడు ఆ పళ్ళ ఆసుపత్రిలో డాక్టరుగా చేరి మూడు నెలలైంది. పద్దెనిమిదేళ్ళుగా అక్కడే పనిచేస్తున్న అసిస్టెంటు మాత్రం ఆయన్ని ఇంకా డాక్టరు కింద జమకట్టలేదు. గ్లవ్స్ తొడుక్కున్నాక జుట్టు సవరించుకునే మనిషి మీద ఆమెకు గౌరవం ఎక్కడినుంచి వస్తుంది?

ఈమధ్య ఏదో సెమినారుకు వెళ్ళి, ఎనామెల్ కోల్పోయిన ఖనిజాలను తిరిగి నింపే పేస్టు ఒకటి పట్టుకొచ్చాడు. పేస్టు మంచిదే. పళ్ళ మీది తెల్లమచ్చలు తగ్గుతున్నాయి కూడా. ఈయనకే ఆగే ఓపిక లేదు. పేస్టు పూయడం, అయిదు నిమిషాలకు దూదితో తుడవడం, వెంటనే యాసిడ్ రాసి, వంకర పళ్ళను సరిచేసే క్లిప్పులు అతికించేయడం.

కాలేజీ అమ్మాయి ఒకతెకు అలాగే చేస్తుంటే అసిస్టెంటు ఉండబట్టలేకపోయింది.

"డాక్టరుగారూ, యాసిడ్ రాసి కడిగి ఆరబెట్టాక పన్ను సుద్ద రాసినట్టు తెల్లగా పాలిపోవాలి కదండీ. ఇది ఇంకా మెరుస్తోంది. పేస్టు పొర పోలేదు, జిగురు పట్టదు."

"మెరిస్తే మంచిదేగా! అద్దంలా ఉంది చూడు" అన్నాడాయన.

బుర్ర కూడా అంతే నున్నగా ఉన్నట్టుంది అనుకుంటూ ఆమె జిగురు అందించింది.

నాలుగో రోజున ఆ అమ్మాయి ఊడిన మూడు క్లిప్పులు పొట్లం కట్టుకుని వచ్చింది.

"ఏం నమిలావ్? నిజం చెప్పు" అన్నాడు అల్లుడు.

"ఏమీ లేదండీ. మెత్తనివే తింటున్నాను."

"అందరూ ఇదే అంటారు."

మళ్ళీ అలాగే అతికించాడు. వారం తిరక్కుండా అయిదు ఊడాయి. ఈసారి పేషెంట్లందరి ముందూ కేకలేశాడు. అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అసిస్టెంటుకు ఒళ్ళు మండిపోయింది. చేతిలోని ట్రే అక్కడే పెట్టేసి, పక్కగదిలోంచి పెద్ద డాక్టరమ్మను వెంటబెట్టుకొచ్చింది.

డాక్టరమ్మ ఊడిన క్లిప్పుల్ని ఒక్కొక్కటే తిప్పి చూసింది. జిగురంతా క్లిప్పు వెనకే ఉంది. పంటి మీద రవ్వంతైనా లేదు.

"అల్లుడుగారూ, ఇది పంటికి అసలు పట్టనే లేదు. పేస్టు పూశాక ఎంతసేపు ఆగారు?"

"అంటే... అత్తయ్యగారూ, ఆ కంపెనీవాళ్ళు..." అని నీళ్ళు నమిలాడు.

"నేనడిగింది మిమ్మల్ని."

ఆమే కూర్చుని, పళ్ళను ప్యూమిస్ అనే గరుకు పొడితో శుభ్రంగా రుద్ది, యాసిడ్ రాసి, కడిగి, గాలితో ఆరబెట్టింది. ఈసారి పళ్ళు తెల్లగా పాలిపోయాయి. క్లిప్పులన్నీ తనే అతికించింది.

"నేనూ ఇలాగే చేద్దామనుకున్నానండీ. అసిస్టెంటు తొందరపెట్టేసరికి..." అన్నాడు అల్లుడు.

చెప్పుకంటిన బురదను చూసినట్టు చూసింది అసిస్టెంటు. డాక్టరమ్మ విననట్టే లేచి వెళ్ళిపోయింది. ఎంతైనా కూతురి మొగుడాయె!

ఆయన ఆ అమ్మాయి కేసు కార్డు మీద 'గట్టి పదార్థాలు నమలరాదని పేషెంటును హెచ్చరించడమైనది' అని రాసి, బారెడు సంతకం పెట్టాడు.

అమ్మాయి వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగింది.

"అక్కా, అయితే తప్పు నాది కాదుగా?"

"కాదమ్మా, నీది కానే కాదు" అంది అసిస్టెంటు, గదంతా వినబడేలా.

ఆయన చేతులు కడుక్కుంటున్నట్టు అటు తిరిగాడు.