పెట్టు కాదు, పెట్టెయ్యి

ఆ ఆఫీసులో పై అధికారిని అందరూ జాగ్రత్త సారు అనేవారు. కుర్చీని రెండుసార్లు ఊపి చూసుకుంటే గాని కూర్చోని మనిషి. ఆయన కింద ఆరు నెలల పరీక్ష మీద చేరింది ఒకింటి చిన్నకోడలు. ఆ ఆరు నెలలూ ఈ శుక్రవారంతో సరి. సారు సంతకం పడిందా, ఉద్యోగం ఖాయం. పడలేదా, సంచి సర్దుకోవడమే.

ఆమె రాసేది కెర్నెల్. కెర్నెల్ అంటే కంప్యూటరులో ఇంటి పెత్తనం చేసే ప్రోగ్రాం. ఎవరికెంత చోటివ్వాలో, ఎప్పుడు ఖాళీ చేయించాలో అదే చూసుకుంటుంది. చోటు వాడుకునేవాడు వస్తూ ‘గెట్’ అంటాడు, లెక్క ఒకటి పెరుగుతుంది. పనయ్యాక ‘పుట్’ అంటాడు, ఒకటి తగ్గుతుంది. సున్నాకు వచ్చిందంటే లోపలెవరూ లేరని ఆ చోటును ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ఎన్ని గెట్లో అన్ని పుట్లు, అంతకు మించి వేదాంతమేమీ లేదు.

వీధి గుమ్మంలో, వచ్చినవారి ముఖం చూపించి కింద పేరు వేసే తెర ఒకటుంది. దాని కోసం చిన్నకోడలు రాసినదాన్ని సారు కళ్లజోడు తుడుచుకుని మరీ చూశారు.

“పుట్ ఒకటే ఉందేమమ్మా?”

“గెట్ ఒకటే కదండీ.”

“పుట్ అంటే పెట్టడమేగా. భద్రంగా పెట్టేచోట పిసినారితనం ఎందుకు? ఇంకోటి పెడితే మన సొమ్మేం పోయింది?”

ఆమె నోరు తెరిచేలోపే గెట్ పక్కనే ఇంకొకటి చేర్చి, చేతులు దులుపుకుని, పైకి పంపేశారు.

శుక్రవారం పొద్దున డైరెక్టరు గారు అతిథులను వెంటబెట్టుకుని వచ్చారు. తెర మీద ఆయన ముఖం నిండుగా వెలిగింది. అయితే రెండో పుట్ పుణ్యమా అని, ఆయన పేరున్న చోటు ఖాళీ అయిందనుకుని కెర్నెల్ దాన్ని నోటీసులకు ఇచ్చేసింది. ముఖం కింద పెద్దక్షరాలతో పడింది: “మరమ్మతులో ఉంది. వాడరాదు.”

అతిథులందరికీ ఒక్కసారే పైకప్పు మీద ఆసక్తి కలిగింది.

“కొత్తమ్మాయి రాసిందండీ,” అన్నారు జాగ్రత్త సారు, ఒకడుగు వెనక్కి వేసి.

డైరెక్టరు గారి గదిలో, జాగ్రత్త సారు ఎదుటే, చిన్నకోడలు గెట్లూ పుట్లూ ఎంత విడమరిచినా ఆయనకు ఎక్కలేదు. “పెట్టమంటే వదిలేయడమేమిటమ్మా? వినడానికైనా బాగుందా?” అన్నారు. ఇక సంచి వెతుక్కోవలసిందే అనుకుంటూ ఉండగా ఫోను మోగింది. ఆపబోయి కంగారులో స్పీకరు నొక్కేసింది. అటు అత్తగారు.

“ఏమ్మా, కుళాయివాడు వచ్చి బాగుచేసి పోయాడు. ఆఫీసులో ఉన్నావా? సర్లే, పెట్టేస్తున్నా.”

లైను తెగింది. చిన్నకోడలు ఫోను వంక ఒక క్షణం చూసి తలెత్తింది.

“మా అత్తయ్య పెట్టేశారండీ. ఇప్పుడు లైనులో ఉన్నారా?”

“ఎందుకుంటారు?”

“కెర్నెల్లో పుట్ కూడా అంతేనండీ. పెట్టు కాదు, పెట్టెయ్యి. తెర ఇంకా మాట్లాడుతుండగానే సారు ఫోను పెట్టేశారు.”

డైరెక్టరు గారు జాగ్రత్త సారు వైపు తిరిగారు. “ఆ ఫోను ముక్కేదో ముందే చెప్పొచ్చుగా,” అని గొణుక్కుంటూ సారు అక్కడే సంతకం పెట్టేశారు.

ఉద్యోగం ఖాయమైంది. సోమవారానికల్లా ఒక సర్క్యులరూ వచ్చింది: ఇకమీదట ప్రతి పుట్‌కూ ముగ్గురు సంతకం చేయాలట. ముగ్గురూ ఒకచోట దొరికేదెప్పుడు? పుట్లు పడక, చోటు తీసుకున్నవాళ్లంతా దాన్ని పట్టుకునే కూర్చున్నారు. వారం తిరక్కుండానే తెర ఊపిరాడక నిలిచిపోయింది. వారానికోసారి దాన్ని ఆపి మళ్లీ నడిపించడమే చిన్నకోడలి ఖాయమైన ఉద్యోగం.

మరుసటి నెలాఖరు నివేదికలో జాగ్రత్త సారు స్వహస్తాలతో రాసుకున్నారు: “ఈ నెల పొరపాటున ఖాళీ చేసిన చోట్లు: ఒక్కటీ లేదు.”