దొంగ కిటికీ

రోడ్డు మీద నుంచి చూస్తే మా ఇల్లు తూచి కట్టినట్టు ఉంటుంది. నడుమ తలుపు, దాని మీద విసనకర్ర ఆకారంలో అద్దాల చట్రం, అటు రెండు కిటికీలు, ఇటు రెండు. పైన అయిదు. రెండు వందల ఏళ్ల కిందట దాన్ని కట్టినవాడు పై అంతస్తులో ఎడమ చివరి గదికి పెరటివైపు కిటికీ ఒకటి చాలనుకున్నాడు. కానీ ముందు గోడలో ఆ చోటు ఖాళీగా ఉంటే మొహం ఒంటికన్నుదవుతుందని, కిటికీ ఆకారాన్ని ఇటుకలతో కట్టించి, సున్నపు పూత మీద నల్లరంగు వేయించి, తెల్లగా చట్రాలు గీయించాడు. ఐర్లండ్‌లో మా లీష్ ప్రాంతంలో, జార్జియన్ కాలపు రైతుల ఇళ్లు కొన్నిటికి ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మేం దాన్ని దొంగ కిటికీ అనేవాళ్లం.

నా భార్య నోరీన్ మంచం పట్టాక ఆ గదిలోనే ఉంది. వంటింటి పొయ్యి వేడి గోడలోంచి ఆ గదికే చేరేది. పెరటి కిటికీలోంచి ఆమెకు కొట్టం గోడ తప్ప ఏమీ కనిపించేది కాదు. "బడి నుంచి నువ్వొచ్చేది కనిపిస్తే బాగుండు," అంది ఒకసారి. రెండోసారి అనలేదు. ఈస్టర్ సెలవుల్లో నేనూ, పక్క పొలం మాలకీ గీరనూ కలిసి ఆ ఇటుకలు తీసేశాం. కూల్చేస్తున్న ఇంకో పాత ఇంటి నుంచి మాలకీ తెచ్చిన కిటికీ బిగించాం. తలుపుల్లా కాకుండా పైకీ కిందికీ జరిగే రకం.

ఆమె పోయిన ఉదయం, ప్రాణం వెళ్లడానికి దారిగా, ఆ కిటికీ పైకెత్తాను. కాసేపయ్యాక దించెయ్యాలి. దించకపోతే పోయినవాళ్లు తిరిగి లోపలికి వస్తారంటారు మావాళ్లు.

నేను దించలేదు.

అంత్యక్రియలయ్యాక ఇంటికి తాళం వేసి, కొట్టంలో దూడల్నీ హాల్లో ఎరువు బస్తాల్నీ ఉంచుకోమని తాళంచెవి మాలకీకి ఇచ్చి, కూడలి దగ్గర చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాను. రెండు చలికాలాల వాన ఆ కిటికీలోంచి పడింది. కప్పు మీద పలకరాళ్లు కూడా జారడం మొదలుపెట్టాయి.

"ఇంకో గాలివానకి కప్పు వచ్చి నీ పొయ్యిలో కూర్చుంటుంది మాస్టారూ," అన్నాడు మాలకీ. "కౌన్సిల్‌వాళ్లకి రాయి. పాత ఇళ్లంటే వాళ్లకి మోజు. పాత మనుషులంటేనే పడదు."

రాశాను. ఇల్లు కాపాడదగినదని తేలితే కప్పుకు సాయం చేస్తారు. లేకపోతే అది ఈ చలికాలం దాటదు. నాకున్న భయం ఒక్కటే, దొంగ కిటికీని మళ్లీ ఇటుకలతో మూసెయ్యమంటారని. దాన్ని తెరవడానికి మేం ఎవరి అనుమతీ అడగలేదు.

కౌన్సిల్ తరఫున చూడటానికి వచ్చిన ఆవిడ పేరు డర్వ్‌లా హికీ. పొట్టి మనిషి, బురద బూట్లు. హాల్లో ఎరువు బస్తాలు దాటుకుంటూ వెళ్లి, కిటికీల పక్కన గోడలోకి మడతపడే చెక్క రెక్కలను బయటికి లాగి చూసింది. మెట్ల కమ్మీని చేత్తో చివరిదాకా తడిమింది. అలలు తిరిగిన పాత గాజు ముందు చాలాసేపు నిలబడింది.

"ఎవరూ దీన్ని బాగుచెయ్యకపోవడమే దీని అదృష్టం డెలహంట్ గారూ," అంది.

"బాగుచెయ్యకపోవడంలో మా మాస్టారు దిట్ట," అన్నాడు మాలకీ.

పైకి వెళ్లాం. తెరిచి ఉన్న కిటికీ ముందు ఆవిడ ఆగింది.

"ఇది మొదట్నించీ ఉన్నది కాదు కదా?"

మాలకీ దగ్గాడు. "కాకులు చేసుంటాయి."

"నేనే పెట్టాను," అన్నాను. "నా భార్య కోసం." చెప్పడానికి ఇంకా చాలా సిద్ధం చేసుకున్నాను. "మళ్లీ మూయించాలా?"

"ఎందుకండీ? కట్టిన ఏడాదితో ఇల్లు ఆగిపోదుగా. మనుషులున్నారనడానికి అదీ ఓ గుర్తే. ఉండనివ్వండి."

తరవాత ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, సన్నని కత్తి ఒకటి నేల చెక్కలోకి నెట్టింది. పిడిదాకా దిగింది.

"కానీ ఇలా తెరిచి ఎవరు వదిలేశారు? కింద దూలం చివర కుళ్లుతోంది. అది విరిగితే ముందు గోడ దాంతోపాటే వస్తుంది. తెరిచిపెట్టిన ఇంటికి కప్పు వెయ్యమని నేను రాయలేను." లేచి, దించబోతూ కిటికీ మీద చెయ్యి వేసింది.

"వద్దు," అన్నాను. తరగతిలో కూడా అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు.

ఆవిడ చెయ్యి తీసేసింది.

"తల్లీ, కింద నా ఫ్లాస్క్‌లో టీ ఉంది," అన్నాడు మాలకీ. "చల్లారితే నాకే నష్టం, రా." ఆమెను వెంటబెట్టుకుని దిగిపోయాడు.

నేను దించితే నోరీన్ రావడానికి దారుండదు. దించకపోతే ఆమె రావడానికి ఇల్లుండదు. ఈ మాట నాకు చాలా కాలంగా తెలుసు. కింద వాళ్ల కప్పుల చప్పుడు వింటూ, దూలం ఉన్నచోటే అడుగులు వేస్తూ కిటికీ దగ్గరికి వెళ్లాను. రెండేళ్ల వానకు చెక్క ఉబ్బి ఉంటుందని, బలమంతా పెట్టాల్సి వస్తుందని, అప్పుడు వేరే ఆలోచన రాదని అనుకున్నాను. కానీ అది వేళ్లు తగలగానే కదిలి, చప్పుడు లేకుండా దిగి, చట్రంలో కూర్చుంది. నాకు సిద్ధపడే వ్యవధి ఇవ్వలేదు.

వేళ్లకు మైనం అంటింది. కొత్తది.

మాలకీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నువ్వా?" అన్నాను.

"కొవ్వొత్తి ముక్కలు. దూడల్ని చూడ్డానికి వచ్చినప్పుడల్లా రాసేవాణ్ణి." టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "ఎప్పటికైనా నువ్వే దించుతావ్, అప్పుడది మొరాయించకూడదనీ."

"నువ్వే దించేసి ఉండొచ్చుగా."

"నా భార్య కాదుగా మాస్టారూ."

బయట వాన మొదలైంది. గాజు మీద పడుతోంది, లోపలికి రావడం లేదు. గదిలో ఇంత నిశ్శబ్దం ఉంటుందని నేను మరిచిపోయాను. ఇప్పుడిక నోరీన్ రావాల్సిన పని లేదు.

డర్వ్‌లా కారెక్కుతూ, సాయం కోసం రాస్తానని చెప్పింది. ఆ గదిలో మంట మాత్రం వెయ్యొద్దంది. సున్నపు గోడలను తొందరపెట్టి ఆరబెడితే పగులుతాయట.

"ఎన్నాళ్లు పడుతుంది?" అని అడిగాను.

"చెప్పలేమండీ. ఏళ్లు పట్టొచ్చు."

సరేనన్నాను. మాలకీ భోజనానికి రమ్మన్నాడు. ఇంకోరోజు వస్తానని, వానలో కూడలి వైపు నడిచాను.